తాండూరు దాకా పోని టూరు బస్సు

శనివారం పొద్దున్నే అప్పా జంక్షన్ దగ్గర నిలబడి చూడండి, హైదరాబాదుకు ప్రకృతి అంటే ఎంత ప్రేమో తెలుస్తుంది. బారులు తీరిన కార్లు. ఒక్కో డిక్కీలో బొగ్గుల సంచి, రాత్రే మసాలా పట్టించి పెట్టుకున్న కోడి, నీళ్ల సీసాల అట్టపెట్టె, అద్దాలు అదిరే స్పీకరు. అందరి దారీ అనంతగిరికే. ఎందుకు బాబూ అంత దూరం అంటే, అక్కడ ప్రశాంతంగా ఉంటుందట. ఇంతమంది ఇన్ని స్పీకర్లతో తన కోసమే వస్తున్నారని తెలిసిన ప్రశాంతత శుక్రవారం రాత్రే మూటాముల్లె సర్దుకుని ఏ పరిగి బస్సో ఎక్కి ఉంటుంది.

కారు లేనివాళ్లకు, కారున్నా దారి తప్పే ధైర్యం లేనివాళ్లకు టూరు ప్యాకేజీ ఉంది. గైడు ఉంటాడు, టిఫిను ఉంటుంది, ఏమేం చూసి ఆనందించాలో ముందే అచ్చేసిన కాగితం ఉంటుంది. అనంత పద్మనాభస్వామి దర్శనం, వ్యూ పాయింటు, అడవిలో ముప్పావుగంట నడక, కోట్‌పల్లిలో కయాకింగ్, మధ్యాహ్నం నాటుకోడి భోజనం, జిప్‌లైను, రెయిన్ డాన్సు, చీకటి పడ్డాక మంట చుట్టూ పాటలు, టెంటులో నిద్ర. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు: వాన పడితే అడవి నడక రద్దు. అనంతగిరిని చూడాల్సిందే వానలో. కానీ వాన పడితే అడవి రద్దు, రెయిన్ డాన్సు యథాతథం. నిజం వాన నాలుగు చినుకులు రాలితే నెత్తిన చేతిరుమాలు కప్పుకుని లోపలికి ఉరికే మనిషే, అదే రిసార్టులో బోరు నీళ్లతో కురిపించే వాన కింద చొక్కా విప్పి గంటసేపు ఎగురుతాడు. ఈ ముక్క ఒక్కటి బుర్రకెక్కితే మిగతా టూరంతా అర్థమైనట్టే.

గైడును మాత్రం తక్కువ చేసి మాట్లాడను. చుట్టుపక్కల ఏ తండా నుంచో వచ్చిన కుర్రాడై ఉంటాడు. చిన్నప్పుడు మేకల వెంట తిరిగిన అడవే కాబట్టి మోదుగేదో తునికేదో నల్లమద్దేదో కళ్లు మూసుకుని బెరడు తడిమి చెప్పగలడు. ఏ పుట్ట పక్కన నిలబడకూడదో, మబ్బు పట్టిన ఎంతసేపటికి ఏ వాగు పొంగుతుందో ఎరుక. కానీ అడిగేవాడేడి? బస్సు దిగగానే మొదటి ప్రశ్న 'భయ్యా, వాష్‌రూమ్ ఎటు?' రెండోది 'సిగ్నల్ వస్తదా?' మూడోది 'ఏ సినిమాలు తీసిన్రు ఇక్కడ?' చెట్ల పేర్లు గిట్టుబాటు కావని తెలుసుకున్న కుర్రాడు సినిమాల పేర్లు బట్టీ పట్టాడు. ఇప్పుడు ఆ మలుపులో ఏ హీరో ఎవరిని కొట్టాడో గడగడా చెబుతాడు. ఆ మలుపులోని చెట్టు పేరు అతనికి ఇంకా గుర్తుండే ఉంటుంది, ఎవరైనా అడిగితే.

బస్సు వికారాబాదు దాటి కొండెక్కగానే మైకులో వచ్చే మొదటి మాట, 'తెలంగాణ ఊటీకి స్వాగతం!' మనకో పాత జబ్బుంది. మన దగ్గరున్న దేనికైనా పరాయి ఊరి పేరు తగిలిస్తే తప్ప అది చూడదగ్గదని మనకే నమ్మకం కలగదు. సరే, ఊటీ అనే అందాం. ఇంతకీ ఆ ఊటీ సంగతేంటి? 2024 మే నుంచి ఈ-పాస్ లేకుండా ఊటీ, కొడైకెనాల్ కొండలెక్కొద్దంది మద్రాసు హైకోర్టు. 2025 వేసవికి ఏకంగా లెక్క కట్టి పెట్టింది: ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000, అంతకు మించి ఒక్కటి కూడా వద్దని. అసలు ఊటీ 'చాలు నాయనా, ఇక రాకండి' అని తలుపు గడియ పెట్టుకుంటుంటే, మనం 'ఇక్కడ ఇంకో ఊటీ ఉంది, రండి' అని ఘాటు రోడ్డుకు బ్యానర్లు కడుతున్నాం. ఊటీ నుంచి తెచ్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ కోర్టు ఉత్తర్వు నకలు ఒక్కటే. దాన్ని మాత్రం ఎవరూ తేరు. తేకపోగా కేంద్రం తన పర్యాటక పథకం స్వదేశ్ దర్శన్ 2.0 కింద అనంతగిరి అడవిలో ఎకో టూరిజం జోనుకు 38 కోట్లు మంజూరు చేసింది. పనులు ఎలా చేస్తారో చూద్దాం. 'ఎకో' అని ముందు తగిలిస్తే మన దగ్గర సిమెంటు బల్లకు కూడా ఆకుపచ్చ రంగేస్తారు, అంతవరకు గ్యారంటీ.

ఇదే కొండ మీద నిజాం కాలంలో క్షయ రోగులకు ఆసుపత్రి కట్టారు. క్షయకు సరైన మందే లేని రోజుల్లో డాక్టరు చీటీ మీద రాయగలిగిన మందు అనంతగిరి గాలి. ఊపిరితిత్తులు చెడినవాళ్లు ఇక్కడికొచ్చి నెలల తరబడి వరండాల్లో పడుకుని ఆ గాలి పీల్చేవాళ్లు. ఇవాళ ఏ డాక్టరైనా ఆ చీటీ రాయాలంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా అని షరతు పెట్టాలి. 2024 ఆగస్టు 15 సెలవుకైతే కొందరు యువకులు బలిసిన జీపులేసుకొచ్చి అడవిలో ఫీట్లు చేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున నేలను చక్రాలతో దున్నే స్వాతంత్ర్యం వీళ్లకు వచ్చింది. పోలీసులు కేసు పెట్టారు. పొదల్లో గూడు పెట్టుకున్న నెమలికి పోలీసు స్టేషను దారి తెలియదు కాబట్టి దాని ఫిర్యాదు నమోదు కాలేదు.

కోతుల గురించి చెప్పక్కర్లేదు. అడవి కాయలు వెతుక్కునే పని మానేసి చిప్స్ ప్యాకెట్టు ఏ వైపు నుంచి చించాలో నేర్చుకున్నాయి. పులిహోర ఇస్తే మొహం చిట్లించే దశకు వచ్చాయి. వాటిని చూసి పిల్లలు నేర్చుకోవడమో పిల్లల్ని చూసి అవి నేర్చుకోవడమో తెలీదు.

ఒక చోట గైడు బస్సాపించి, 'సార్, మన మూసీ నది పుట్టింది ఈ గుట్టల్లనే' అంటాడు. బస్సంతా ఘొల్లున నవ్వుతుంది. 'ముక్కు మూసుకోవాల్నా అన్నా?' అని వెనక సీట్లోంచి ఒక మేధావి. చాదర్‌ఘాట్ వంతెన మీద అద్దాలెత్తుకుని పోయే జనానికి మూసీ అంటే వాసనే కదా. ఇక్కడ మాత్రం వర్షాకాలంలో రాళ్ల సందుల్లోంచి పాదం మునిగేంత నీరు, అడుగున ఇసుక రేణువు లెక్కబెట్టగలిగేంత తేటగా పారుతుంటుంది. అందులో తేలేది ఒక్కటే, మేధావి పారేసిన కూల్‌డ్రింకు సీసా.

ఆ సీసా ఎటు పోతుందో ప్యాకేజీ కాగితంలో లేదు గాని, నది అంతకుముందే దారి వేసి పెట్టింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. మళ్లీ అలా ముంచకుండా నిజాం ప్రభుత్వం మూసీ మీద ఉస్మాన్‌సాగర్ కట్టింది. 1920 నాటికి పూర్తయిన ఆ చెరువునే మనం గండిపేట అంటాం. నగరం దశాబ్దాల పాటు తాగింది ఆ నీళ్లే, ఇప్పటికీ కొన్ని పేటలకు ఆ నీళ్లే. అంటే అనంతగిరిలో ఆదివారం నది ఒడిలో పడేసింది, కాస్త ఆలస్యంగానైనా, పడేసినవాళ్ల ఇంటి వైపుకే బయల్దేరుతుంది. ఇంత నిజాయతీగా సామాను తిరిగి పంపే కొరియరు ఇంకోటి లేదు. నదికి నగరంలో అందాలు దిద్దే పథకానికి లక్షన్నర కోట్లా, కాదా అని 2024లో అసెంబ్లీ నుంచి టీ కొట్టు దాకా కొట్లాటే. నది చచ్చిన చోట ఖర్చు గురించి అంత రభస. నది పుట్టిన చోట ఒక చెత్తడబ్బా పెట్టించి, దాన్ని రోజూ ఖాళీ చేసే మనిషికి జీతమెవరివ్వాలన్న దాని మీద ఎవరైనా కొట్లాడగా విన్నారా?

ఈ గుట్టల నీళ్లన్నీ ఒక్క వైపుకే పోవు. మూసీ తూర్పుకు తిరిగి హైదరాబాదు మీదుగా సుమారు 240 కిలోమీటర్లు నడిచి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇక్కడి నీళ్లతోనే కాగ్నా తాండూరు వైపు దిగి, కర్ణాటకలోకి పోయి, భీమలో కలిసి, ఆ భీమతో పాటు చివరికి అదే కృష్ణను చేరుతుంది. ఒకే తల్లి పిల్లలు. పట్నం సంబంధం దొరికిన పెద్దదాని పేరున కార్పొరేషన్లు, కన్సల్టెంట్లు, విదేశీ నదుల ఫొటోలు. తాండూరుకిచ్చిన చిన్నదాని కడుపులోకి రాత్రిపూట ఇసుక ట్రాక్టర్లు దిగుతాయి. టూరు బస్సు అటు పోదు కాబట్టి ఆ సంగతి తర్వాత చూద్దాం.

ముందు కోట్‌పల్లి. ఈ టూరులో మనసారా మెచ్చుకోదగ్గది ఏదైనా ఉంటే ఇక్కడే ఉంది. ధారూర్, పెద్దేముల్ వైపు పొలాలకు నీళ్లివ్వడానికి కట్టిన ప్రాజెక్టు ఇది. దాని ఒడ్డున ఊరి కుర్రాళ్లు తెడ్లు పట్టుకుని నిలబడతారు. ఒక్క నిమిషం ఆగి వాళ్ల పని చూడండి. లైఫ్ జాకెట్ తొడిగి, నడుము బెల్టు బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని ఒక్కసారి పైకి ఎత్తి చూస్తాడు. జాకెట్ చెవుల దాకా లేచిందంటే మళ్లీ విప్పి మళ్లీ బిగిస్తాడు. అప్పుడుగాని పడవ నీళ్లలోకి తోయడు. ఎదుటాయన మొహం చిట్లిస్తాడు.

'తమ్మీ, ఇది వేసుకుంటే ఫొటోల లావు కనబడుతున్న. నడిమిట్లకు పోయినంక తీస్తే ఏమైతది?'

'తీస్తే పడవ ఇయ్య అన్నా.'

'పైసలు కట్టిన కదా!'

'పడవకు కట్టినవ్ అన్నా. పానానికి కాదు.'

టూరిజం మీద ఇప్పటిదాకా అచ్చయిన నివేదికలన్నిటికంటే ఈ చివరి మాట గట్టిది. ఎందుకంటే బెల్టు ఎత్తి చూసే కుర్రాడు లేని చోట ఏం జరుగుతుందో ఈ జిల్లాకు తెలుసు. 2023 సంక్రాంతి సెలవుల్లో ఇదే కోట్‌పల్లి నీళ్లలో ఈతకు దిగి నలుగురు పోయారు. 2025 జూన్‌లో సర్పన్‌పల్లి ప్రాజెక్టులో ఒక రిసార్టు తిప్పే పడవ బోల్తా పడి, ఎక్కడో బిహార్ నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. ఆ తర్వాత మనవాళ్లకు అలవాటైన వరుస అలాగే నడిచింది: కేసు, తనిఖీ, నోటీసు, రెండు వారాల ప్రకటనలు, పై శనివారం నుంచి మామూలే. సాహస క్రీడ అంటే నీళ్లలోకి దిగడం అనుకుంటున్నారు మన వ్యాపారులు. లైసెన్సు లేకుండా నీళ్లలోకి దింపడమే అసలు సాహసం, అది వాళ్లు రోజూ చేస్తున్నారు.

ప్రాజెక్టు నిండిందన్న వార్త ఇప్పుడు రైతు కంటే ముందు రీల్సు తీసేవాళ్లకు చేరుతుంది. అలుగు పారితే పండగే. కాలువ చివరి పొలానికి ఆ నీళ్లెప్పుడు అందుతాయని మాత్రం గైడును అడగకండి. అతని నాన్న పొలం అక్కడే ఉండొచ్చు, టూరు మూడ్ చెడిపోతుంది.

ఇక కాగితంలో లేని చోటు ఒకటి. పూడూరు మండలం దామగుండం అడవి, దాని నడుమ రామలింగేశ్వరుడి గుడి. మొన్నమొన్నటి దాకా హైదరాబాదు నుంచి సైకిళ్లేసుకుని, బూట్లేసుకుని నడకకొచ్చేవాళ్లు. ఆ రిజర్వు అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళం రేడియో ప్రసార కేంద్రానికిచ్చారు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కలిసి శంకుస్థాపన చేశారు. ఇద్దరివీ వేర్వేరు పార్టీలు, పార్లమెంటులో ఎదురెదురు బల్లలు, అయినా అడవి విషయంలో ఎంత సఖ్యతో! సముద్రం లేని చోట నౌకాదళానికేం పనంటూ నవ్వినవాళ్లకు శాస్త్రం తెలియదు. చాలా తక్కువ పౌనఃపున్యం ఉన్న తరంగాలు సముద్రపు నీళ్లలోకి కొంత లోతు దాకా చొచ్చుకుపోతాయి. జలాంతర్గామి పైకి తేలి శత్రువు కంట పడకుండానే కబురు అందుకుంటుంది. దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం 1990 నుంచి తమిళనాట తిరునల్వేలి దగ్గర పనిచేస్తోంది, ఇది రెండోది. కాబట్టి దేశ రక్షణ అన్న మాట ఉత్తది కాదు. నాకు అర్థం కానిది ఒక్కటే. బంగాళాఖాతం నీళ్ల కింద ఎక్కడో దాక్కున్న జలాంతర్గామికి పూడూరు మాట చక్కగా వినబడుతుందట. అదే పూడూరు మాట అరవై కిలోమీటర్ల అవతలి సచివాలయానికి వినబడకుండా ఇన్నేళ్లు ఎలా పోయిందో, ఆ శాస్త్రం ఎవరైనా చెప్పాలి. పోయే చెట్లెన్ని అన్న దానికి ఒకరు లక్షల్లో ఒక లెక్క, ఇంకొకరు లక్షల్లో ఇంకో లెక్క చెప్పారు. గొడ్డలి పడకముందే లెక్కలోంచి చెట్లను మాయం చేయడం మనవాళ్లకు వెన్నతో పెట్టిన విద్య.

మోమిన్‌పేట మండలంలో ఎన్కతల అని మరో చోటుంది. అక్కడ కొండ లేదు, జలపాతం లేదు, సెల్ఫీకి ఆనుకోవడానికి ఒక బండ కూడా లేదు. ఉన్నదంతా గడ్డి. పక్షుల కోసం కెమెరాలు మోసుకొచ్చే కొద్దిమందికి మాత్రం అది కాశీ. చలికాలంలో ఎక్కడెక్కడి చలిదేశాల నుంచో గద్దలు ఎగిరొచ్చి ఆ గడ్డి మీద సాయంత్రం పూట తేలుతూ వేటాడతాయి. కృష్ణజింకలు చెవులు రిక్కించి నిలబడతాయి. మన రెవెన్యూ రికార్డుల దృష్టిలో గడ్డి అంటే ఖాళీ, ఖాళీ అంటే ప్లాటు. 2023లో మొబిలిటీ వ్యాలీకి ప్రకటించిన చోట్లలో ఎన్కతల పేరూ వచ్చింది. అంటే పర్యావరణాన్ని కాపాడే కరెంటు బండ్లు తయారు చేయడానికి పర్యావరణాన్ని కాస్త పక్కకు జరగమన్నారు. గద్దకు పాసుపోర్టు లేదు గనుక అభ్యంతరాలు తెలిపే గడువులోగా అది రాలేదు.

సాయంత్రమైంది. బస్సు వెనక్కి తిరుగుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఆ 46 కిలోమీటర్ల రోడ్డు ఈ టూరులో అన్నిటికంటే అందమైన దృశ్యం, టికెట్టు లేనిది కాబట్టి ఎవరూ చూడరు. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు రెండు వైపుల నుంచి చేతులు చాచి రోడ్డుకు పందిరేస్తాయి. ఆ చెట్ల కోసం కొందరు హరిత ట్రిబ్యునల్‌కెక్కారు. రోడ్డు వెడల్పు ఏళ్ల తరబడి ఫైళ్లలో నలిగింది. 2025 నవంబరు 3, సోమవారం పొద్దున, చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఎదురొచ్చి తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును గుద్దింది. 19 మంది చనిపోయారు. సెలవుకు ఇంటికొచ్చి కాలేజీలకు తిరిగి పోతున్న ఆడపిల్లలున్నారు వాళ్లలో. ఇక్కడ నాకు హాస్యం రాదు. కాని ఆ సాయంత్రానికే 'చెట్లు కావాలా, ప్రాణాలు కావాలా' అని తక్కెడ పట్టుకుని బయల్దేరిన పెద్దలను చూస్తే ఒళ్లు మండింది. చెట్లను ఉంచి పక్కనుంచి రోడ్డు వేయొచ్చని అడిగినవాళ్లను ఏళ్ల పాటు తిప్పించింది ఎవరు? మోయలేనంత కంకర ఎత్తుకుని టిప్పర్లు ఉరుకుతుంటే చూస్తూ ఊరుకున్నది ఎవరు? మర్రిచెట్టు టిప్పరు నడపలేదు.

ఆ బస్సు బయల్దేరిన ఊరి పేరే టూరు కాగితంలో లేదు. వికారాబాదు జిల్లా అని చెప్పి సగం జిల్లానే చూపించి వెనక్కి తీసుకొచ్చే ఈ టూరుకు నేనొక సవరణ ప్రతిపాదిస్తున్నాను. బస్సును ఇంకో నలభై కిలోమీటర్లు ముందుకు పోనివ్వండి. తాండూరు దాకా. బస్సు వద్దనుకుంటే రైలుంది, 1874లోనే వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు వేసిన లైను అది. మీలో చాలామందికి తాండూరు కొత్తేం కాదు. మీ అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం దిండు లేకుండా బోర్లా పడుకున్న ఆ చల్లటి నీలం బండలు ఎక్కడివనుకున్నారు? తాండూరును జీవితమంతా తొక్కుతూనే ఉన్నారు, చూడటం ఒక్కటే బాకీ.

చూడటానికేం తక్కువ? ఓగీపూర్, మల్కాపూర్, కరన్‌కోట్ వైపు పోతే అనంతగిరి కొండలకు తిరగేసిన అచ్చు కనిపిస్తుంది. అక్కడ నేల పైకి లేచింది, ఇక్కడ లోపలికి దిగింది. పొరలు పొరలుగా, మెట్లు మెట్లుగా, పుస్తకంలో పేజీలు లాగినట్టు బండ తీస్తారు. ఒక మనిషి గొంతుక్కూర్చుని, ఉలి పెట్టి, సుత్తితో వరసగా ఒకే బలంతో తడుతూ పోతాడు. చివరి దెబ్బకు బండ గాజు పలకలా నిలువునా విడిపోతుంది. ఎక్కడ తడితే ఎక్కడ విడుతుందో అతని చెవికి తెలుసు, శబ్దం మారగానే చెయ్యి ఆపుతాడు. ఈ విద్య చూడటానికి విదేశాల్లో అయితే టికెట్టు పెట్టి గ్యాలరీ కడతారు. తీసిన రాయిలో సరుకుకు పనికిరానిది పక్కనే పోస్తారు. ఏళ్ల తరబడి పోసీ పోసీ అవే గుట్టలయ్యాయి. చదునైన తాండూరు నేల మీద మీకు కొండలు కావాలంటే ఉన్నాయి, మనుషులు చేసినవి, ఎక్కొచ్చు. వదిలేసిన క్వారీల్లో వాననీళ్లు నిలిచి నీలంగా మెరుస్తుంటాయి. ఫొటోకు మాల్దీవులే. బెల్టు బిగించి చూసే కుర్రాడు మాత్రం లేడు.

పాలిషు యూనిట్ల దగ్గర కొత్త దృశ్యం. రంపం బండను కోస్తుంటే వేడెక్కకుండా నీళ్లు పడుతుంటాయి. ఆ నీళ్లు పాలలా చిక్కబడి బయటికి పారి, ఎండి, తెల్లటి పొడవుతాయి. గాలి వచ్చిందా, చెట్లన్నీ వేసవిలోనే మంచు కురిసినట్టు తెల్లబడతాయి. ఇంతకంటే చవకగా కాశ్మీరు ఎక్కడ దొరుకుతుంది? చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, కేంద్ర ప్రభుత్వపు సీసీఐ కర్మాగారం సహా. లారీల వెనక సూర్యాస్తమయం చూడాలి. దుమ్ములోంచి వచ్చే ఆ ఎరుపు అనంతగిరి వ్యూ పాయింటులో ఏ రోజూ రాదు. పైగా గంట ముందే మొదలవుతుంది.

తిండి విషయానికొస్తే ఇక్కడ నాటుకోడి అడగకండి, పప్పు తినండి. ఈ నల్లరేగడిలో, అడుగున దాచుకున్న తేమతో పండే కందికి ఇంకో చోట రాని రుచి. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఇంకొకరు వాడుకోకుండా చట్టం కాపలా. ఆ నేలకు మాత్రం అలాంటి కాపలా ఏమీ లేదు. పప్పుకు భౌగోళిక గుర్తింపు ఇచ్చి భూగోళాన్ని బండలుగా కోసి లారీలకెక్కిస్తున్నాం. పొలం పక్కనే క్వారీ, క్వారీ పక్కనే పొలం. కంది పూత మీద దుమ్ము పడితే ఏమవుతుందని ఒక రైతును అడిగితే, 'ఏమైతది సారూ, పూత రాలుతది. రాయి రాలదు కదా, గందుకే అందరు రాయి దిక్కే పోతుండ్రు' అన్నాడు. వ్యవసాయ విధానం మీద ఇంత క్లుప్తమైన పత్రం ఇంకోటి ఉంటే చూపించండి.

ఇదంతా చూసి, బండ పని మానేయమంటున్నాడా ఈయన అనుకోకండి. వేల కుటుంబాలకు ఆ ఉలి దెబ్బే అన్నం. రిసార్టు కుర్రాడి జీతం కూడా అన్నమే. నా గొడవ ఈ టూరుతో. ఒకే గుట్టల నుంచి దిగే రెండు నదుల్లో ఒకదాన్ని ప్రకృతి అని పేరు పెట్టి అమ్మి, రెండోదాన్ని ముడిసరుకని పేరు పెట్టి అమ్మి, మొదటి దాని దగ్గర ఫొటో దిగి, రెండోదాన్ని బస్సు అద్దంలోంచి కూడా చూడకుండా ఇంటికి తీసుకొచ్చి దింపడం, దానికి 'గైడెడ్ టూర్' అని పేరు పెట్టడం. ఎటు చూడాలో చూపేవాడిని గైడంటారు. ఎటు చూడకూడదో ముందే కాగితం మీద అచ్చేసినవాడికి ఇంకేదైనా హోదా ఇవ్వాలి. జిల్లా ఉత్సవాల్లో సన్మానం చేసినా తప్పులేదు.

కాబట్టి పర్యాటక శాఖకు నా విన్నపం. తాండూరు టూరు వెంటనే మొదలుపెట్టండి. ఏ కాంక్రీటూ పోయక్కర్లేదు, గుట్టలున్నాయి, నీళ్లున్నాయి, తెల్లటి చెట్లున్నాయి. రెయిన్ డాన్సు బదులు దుమ్ము డాన్సు, బోరు కూడా అక్కర్లేదు. కాగ్నా ఒడ్డున రాత్రి క్యాంపు వేయిస్తే ఇసుక ట్రాక్టర్ల లైట్ల వెలుగులో మంట ఖర్చు కూడా కలిసొస్తుంది. 38 కోట్లలో పైసా ఖర్చు కాదు. ఒక్క ఖర్చు మాత్రం రాసుకోండి, గైడుకు మంచి మాస్కు ఒకటి కొనివ్వాలి. టూరిస్టులకు అక్కర్లేదు, వాళ్లు సాయంత్రానికల్లా వెళ్లిపోతారు.